సమస్య: బండి యీదుచుండెఁ బాపతోడ

నిర్వాహకుడు: పాపాయిని బండిలో తిప్పుతుంటే నోటికొచ్చిన పాదం. ఎవరూ వరద తెప్పించకండి, పాప క్షేమంగా ఉండాలి.

నీలిసిరా:
కొలని గట్టు మీదఁ గూర్మి తల్లి నడప
నీటిలోన నీడ నిగ్గుదేల
గాలి వీవ నలలు కదలాడ నదె చూడు
బండి యీదుచుండెఁ బాపతోడ

కొలత్రాసు: "నదె చూడు" దగ్గర వేలు పెట్టి చూపించినట్టుంది. బాగుంది. కానీ నీలిసిరా గారికి సమస్య ఏదైనా కొలను ఉండాల్సిందే. పోయినసారి ఏనుగు ఎగిరిందన్నా కొలనులో నీడే కదా! నాది చూడండి:

ఓడ బండి యౌట యొకనాఁటి మాటయే
ప్రాము పేరు రెండింటఁ బరగు నిపుడు
దొరల భాష మహిమ దొడ్డదౌఁ గనుఁడయ్య
బండి యీదుచుండెఁ బాపతోడ

పిల్లల బండి ప్రామ్. ముక్కు కోసుగా కాక అడ్డంగా తెగినట్టుండే చిన్న పడవా ప్రామే. మన సామెత ఇంగ్లీషు నిఘంటువులో నిజమైంది!

నీలిసిరా: త్రాసు పట్టిన చేతికే తూకం తప్పింది. రెండో పాదం, మూడో గణం. "రెంటఁ" అంటే చాలు.

కొలత్రాసు: టైపింగ్ తొందరండీ. "రెంటఁ" అనే చదువుకోండి.

నీలిసిరా: తొందరలో అక్షరం ఎగిరిపోవడం చూశాను, అదనంగా వచ్చి కూర్చోవడం ఇదే చూడటం.

పాతకాపు: గణం సరే, అర్థం మాటేమిటి? బండి ప్రామ్ పెరాంబులేటర్‌కు కురచ రూపం. పడవ ప్రామ్ డచ్చి మాట. ఓడ బండి కాలేదు, రెంటికీ పేరు కలిసిందంతే. దారి పొడవు కొలవడానికి సర్వేవాళ్లు దొర్లించే చక్రం కూడా పెరాంబులేటరే. అందులో పాపను ఎక్కిస్తారా?

కొలత్రాసు: శ్లేషకు పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారా? బగ్గీ అంటే గుర్రం లాగేది, ఇప్పుడు మడిచి మూల పెట్టేది. ఆ మాట మీదే, బగ్గీ దిగిన దొరను పసివాణ్ణి చేసి ఆమధ్య మీరు మెప్పు కొట్టేయలేదూ?

పాతకాపు: అక్కడ మాట ఒకటే, చెల్లింది. స్పిట్‌ఫైర్ విమానానికి చక్రాల అమరిక తీర్చిన ఇంజనీరు ఓవెన్ మెక్లారెనే 1965లో మడత బగ్గీ తయారుచేశాడు. మీరు పడవ కోసం డచ్చి దాకా వెళ్లారు గానీ, విమానం పక్కనే ఉంది.

నిర్వాహకుడు: ఈదమంటే ఎగరేశారు. సరే, వచ్చేవారం సమస్య: "బండి యెగురుచుండెఁ బాపతోడ". కొలను నిషేధం.