ఆడపిల్లల చదువులకు సాయం చేసే క్లబ్బులో చేరమంటున్నారు: చేరవచ్చునా?

కావలి కోడలు:
మా కావలిలో పేద విద్యార్థినుల పై చదువులకు సాయం చేసే మహిళా క్లబ్బు ఒకటి ఉంది. ఉన్న సభ్యులలో ఇద్దరు ప్రతిపాదిస్తేనే కొత్తవారిని చేర్చుకుంటారు. నన్ను ప్రతిపాదించారు. ఏడాదికి రూ. 6,000 చందా, నెలకొకసారి వంతులవారీగా ఒక సభ్యురాలి ఇంట సమావేశమూ, భోజనమూ ఉంటాయి. ఆ డబ్బేదో నేరుగా ఒక పిల్లకు ఇవ్వరాదా అని మావారి ప్రశ్న. ఇలాంటి సంఘాల సంగతి తెలిసినవారు చెప్పగలరు.

రిటైర్డ్ హెచ్.ఎం.:
తప్పక చేరండమ్మా. నేను ఒంగోలులో ఇటువంటి సంఘంలోనే పనిచేస్తున్నాను. ప్రభుత్వం ఫీజు ఇస్తుంది కదా, మళ్లీ సాయమెందుకని చాలామంది అనుకుంటారు. ట్యూషన్ ఫీజు ఆలస్యంగానైనా వస్తుంది గానీ, జూన్, జులై నెలల్లో చేరేటప్పుడు కట్టవలసిన హాస్టల్ అడ్వాన్సు, రికార్డు పుస్తకాలు, యూనిఫాం, బస్సు పాసు వంటివి ఇంటివారే భరించాలి. అక్కడే ఆడపిల్ల చదువు ఆగిపోతుంది, మగపిల్లవాడికైతే ఎలాగో అప్పు తెస్తారు. ఒక్కరు ఇస్తే ఒక ఏడాది ఇవ్వగలరు. సంఘమైతే చదువు పూర్తయ్యేదాకా వెంట ఉంటుంది. పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించినప్పుడు తోటివారి చేయూత లేకుండా అది నిలిచేదా?

పెన్నగట్టు:
లెక్క చూడండి. సభ్యులు ముప్పై మంది, భోజనం మనిషికి రూ. 200 అనుకుంటే ఒక్క పూటకు రూ. 6,000. అంటే ఒక సభ్యురాలి ఏడాది చందా ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. పన్నెండు నెలలకు రూ. 72,000. ఆ సొమ్ముతో ఎందరు పిల్లలకు పుస్తకాలు కొనవచ్చునో చెప్పనక్కరలేదు.

రిటైర్డ్ హెచ్.ఎం.:
భోజనం ఖర్చు ఆ ఇంటివారిదండీ, చందాలో నుంచి పైసా తీయరు.

పెన్నగట్టు:
ఎవరి జేబులోనిదైనా డబ్బు డబ్బే కదా మేడమ్.

చేపల పులుసు:
నెల్లూరు పులుసు వడ్డిస్తామంటే నన్నూ ప్రతిపాదించండి.

అల్లూరు అమ్మాయి:
భోజనాల మాట అలా ఉంచండి. నేను అటువైపు నుంచి చూసినదాన్ని కనుక చెబుతున్నాను. నర్సింగ్‌లో చేరేటప్పుడు ఒక సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఆ సంఘం పేరు ఇక్కడ వద్దు. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, మార్కుల మెమో అన్నీ ఇచ్చాక విచారణకని ముగ్గురు కారులో వచ్చారు. ముందుగదిలో ఉన్న ఫ్రిజ్ తలుపు తీసి లోపల చూశారు. అందులో పాల ప్యాకెట్లు, మజ్జిగ ప్యాకెట్లు, పిల్లలు కొనుక్కునే పుల్ల ఐసులు ఉన్నాయి. ఆ ఫ్రిజ్ మా అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, ఇవి అమ్ముకోవడానికి కొన్నది. "ఫ్రిజ్ ఉన్నవారికి ఇవ్వడం కుదరదు" అని గుమ్మంలోనే చెప్పి వెళ్లారు. మరుసటి ఏడాది ఫ్రిజ్‌ను పక్కింట్లో పెట్టి మళ్లీ దరఖాస్తు చేశాము. సాయం వచ్చింది.

రిటైర్డ్ హెచ్.ఎం.:
అంటే దాచిపెట్టి తీసుకున్నారన్నమాట! ఇందుకేనమ్మా విచారణ ఉండాలనేది. రెండంతస్తుల మేడ ఉన్నవారు తెల్ల కార్డు తెచ్చి చూపించడం నేను కళ్లారా చూశాను. పరాయివారి సొమ్మును పంచేవారు నాలుగు విషయాలు అడిగితే తప్పా?

పెన్నగట్టు:
అప్పుపై కొన్న ఫ్రిజ్ ఆస్తి కాదు, అప్పు. ఆ మాత్రం తేడా తెలియనివారు విచారణకు రావడమేమిటి? వచ్చినవారి పెట్రోలు ఖర్చు ఎవరిదో కూడా తేల్చాలి.

రిటైర్డ్ హెచ్.ఎం.:
మీకు ఖర్చులు తప్ప మరొకటి కనబడదా?

కనిగిరి కందిచేను:
ఫ్రిజ్ మాట వదిలేయండి. నెల్లూరు జిల్లాలోనే మరొక దారి ఉంది. అక్షరాస్యత తరగతులకు వచ్చిన దూబగుంట స్త్రీలు సారా దుకాణంపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వెనుకనే రోజుకు రూపాయి చొప్పున పొదుపు సంఘాలు నెల్లూరు జిల్లాలో అల్లుకున్నాయి. అప్పు ఇచ్చేవారూ, తీసుకునేవారూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకరింటికి మరొకరు తనిఖీకి వెళ్లవలసిన పని లేదు.

రిటైర్డ్ హెచ్.ఎం.:
పొదుపు సంఘం ఇచ్చేది అప్పు, తిరిగి కట్టాలి. మేము ఇచ్చేది తిరిగి అడగము. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

అల్లూరు అమ్మాయి:
తిరిగి అడగరు, నిజమే. వేదిక మీద శాలువా కప్పి, అట్టతో చేసిన పెద్ద చెక్కు చేతికిచ్చి, కృతజ్ఞతలు చెప్పమంటారు. అదీ చెప్పాను, నాకు బాధ లేదు. ఇప్పుడు నెల్లూరులో స్టాఫ్ నర్సుగా సొంత సంపాదన ఉంది. చందా కడతాను, నన్నూ సభ్యురాలిగా చేర్చుకోండి అని అడిగితే, "వార్షికోత్సవానికి వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు. ప్రతిపాదించడానికి ఇద్దరు దొరకలేదు. మేడమ్, మీ సంఘంలో సాయం పొందిన తరువాత సభ్యురాలైనవారు ఒక్కరైనా ఉన్నారా?

రిటైర్డ్ హెచ్.ఎం.:
అడిగినవారు లేరు.

అల్లూరు అమ్మాయి:
అడిగితే?

రిటైర్డ్ హెచ్.ఎం.:
సూటిగానే చెబుతాను. నెలనెలా ఒకరింట కూర్చుని తినే సమావేశాలివి. తీరిక, స్తోమత, ఒకరింటికి ఒకరు రాకపోకలు సాగించగల పరిచయం ఉన్నవారైతేనే సంఘం నాలుగు కాలాలు నిలుస్తుంది. ఇందులో ఎవరినీ కించపరచడం లేదు.

అల్లూరు అమ్మాయి:
ఈ మాట మొదటే అని ఉంటే ఫ్రిజ్ గురించి ఇంత రాసేదాన్ని కాదు. మా ఇంటికి విచారణకు రాగలిగినవారు భోజనానికి రాలేరా?

కనిగిరి కందిచేను:
అసలు గొడవ ఇదీ.

రిటైర్డ్ హెచ్.ఎం.:
మా సంఘం చదివించిన పిల్లలు ఈ రోజు ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ పని చూడకుండా భోజనాల పంక్తి గురించే మాట్లాడితే నేను చెప్పగలిగేది లేదు.

కావలి కోడలు:
అందరికీ ధన్యవాదాలు. నన్ను ప్రతిపాదించిన ఇద్దరినీ ఈ ఉదయం ఇదే ప్రశ్న అడిగాను. సాయం పొందినవారెవరూ ఇంతవరకు సభ్యులు కాలేదట, కాకూడదన్న నియమం మాత్రం లేదట. ఇళ్లకు బదులు ఏదైనా బడి గదిలో సమావేశం పెట్టుకుంటే ఒప్పుకుంటారా అని అడిగితే ఒకరు నవ్వి ఊరుకున్నారు, రెండవవారు ఆదివారం సమావేశంలో లేవనెత్తమన్నారు. చందా అప్పటిదాకా కట్టను. అల్లూరు అమ్మాయిగారూ, నేను చేరితే ప్రతిపాదించే ఇద్దరిలో ఒక పేరు నాది. రెండవ పేరు కోసం లోపలే వెతకాలి.

పెన్నగట్టు:
ఆదివారం భోజనం ఎంతయిందో కూడా కనుక్కుని రాయండి.