అప్‌డేట్: గాల్వే రాళ్ల మీది ఎర్ర నాచు ఏదో తేలింది

ఐర్లండులోని గాల్వే దగ్గర, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీద బయటపడే ముదురు ఎరుపు నాచు ఏ జాతిదని, నీటిలో దాని కొనలు నీలంగా ఎందుకు మెరుస్తాయని, అది తినదగినదేనా అని ఇదివరకు అడిగాను.

మీలో చాలామంది ఊహించినట్లే అది కాండ్రస్ క్రిస్పస్, అంటే ఐరిష్ మాస్. అచ్చం ఇలాగే కనిపించే మాస్టోకార్పస్ స్టెల్లేటస్ కూడా అవే రాళ్ల మీద పెరుగుతుంది కాబట్టి, మీరు సూచించిన గుర్తులను దగ్గరగా పరిశీలించాను. మాస్టోకార్పస్ రెమ్మల అంచులు లోపలికి ముడుచుకొని కాలువలా ఉంటాయి, ఎదిగిన రెమ్మలపై చిన్న బుడిపెలు లేస్తాయి. నేను చూసినవి బల్లపరుపుగా, రెండేసి పాయలుగా చీలుతూ విసనకర్రలా విచ్చుకొని ఉన్నాయి.

నీలి మెరుపుకు ఏ వర్ణద్రవ్యమూ కారణం కాదు. రెమ్మ పైపొరలో దొంతరగా ఉన్న అతి పలుచని పొరల నుంచి కాంతి పరావర్తనం చెందే తీరే కారణం. ఎరుపునిచ్చేది మాత్రం ఫైకోఎరిత్రిన్ అనే వర్ణద్రవ్యం. ఎక్కువ ఎండకు అది క్షీణించడం వల్లనే కొన్ని రెమ్మలు ఆకుపచ్చగా, పసుపుగా మారతాయి. అవి వేరే జాతి కావు.

తినవచ్చు. కడిగి ఎండబెట్టిన నాచును పాలలో సన్నని సెగపై మరిగించి వడకడితే, అందులోంచి దిగిన క్యారగీనన్ అనే జిగురు పదార్థం వల్ల పాలు చల్లారాక గట్టిపడతాయి. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ముట్టని శాకాహారులకు ఇది నిజంగా ఉపయోగకరం, కాకపోతే సముద్రపు వాసనను అణచడానికి యాలకులు కాస్త ధారాళంగానే వేయాలి. కోసేటప్పుడు రాతిని పట్టుకొన్న మొదలును వదిలి, పై భాగాన్ని మాత్రమే కత్తెరతో కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది.