కానుకల క్యూఆర్ కోడ్ అయ్యగారి సొంత ఖాతాది ఉండొచ్చా?

పర్లాకిమిడి సభ్యుడు: అందరికీ వందనాలు. ఒడిశాలో ఉన్న మా తెలుగు సంఘంలో, అంటే చర్చిలో, ఇప్పుడు చాలామంది కానుక ఫోన్‌పేలోనే వేస్తన్నారు, గోడకి అంటించిన క్యూఆర్ మాత్రం సంఘకాపరి అయ్యగారి సొంత ఖాతాది. అడిగితే నన్ను అనుమానిస్తన్నావా అంటన్నారు. పెద్దలు చెప్పండి.

రాయగడ ట్రెజరర్: ఉండకూడదండి. అయ్యగారు మంచివారా కాదా అన్న మాటే కాదు. యెరూషలేము పేదల కోసం చందా పోగైనప్పుడు పౌలు అంతటివాడే ఒక్కడూ పట్టుకెళ్లలేదు, ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటబెట్టుకున్నాడు, బైబిల్లో రెండో కొరింథీ 8 చూడండి. పైగా సొంత ఖాతాలో పడిన డబ్బు గురించి రేపు ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అడిగితే అది సంఘానిదని ఆయనే రుజువు చూపించుకోవాలి. సొసైటీ రిజిస్టర్ చేయించి సంఘం పేరున ఖాతా తెరవండి, డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలుండాలి. ఆదివారం సంచి విప్పినప్పుడు కూడా ఇద్దరు లెక్కపెట్టి అప్పుడే పుస్తకంలో రాసేయాలి.

గుణుపురం కాపరి: రాయడం తేలికే ట్రెజరర్ గారూ. సొసైటీకి ఏడుగురు సంతకం పెట్టాలి, నేను వెళ్లే సవర పల్లెల్లో ఆ ఏడుగుర్ని ఎక్కడినుంచి తేను? బ్యాంకులో కాగితాలన్నీ ఒడియా, ఇంగ్లీషు. ఎవరొస్తారు నాతో?

రాయగడ ట్రెజరర్: నేనొస్తాను. అపొస్తలులు కూడా ఏడుగుర్ని నియమించి విధవరాళ్లకి చేసే పంపకం వాళ్లకే వదిలేశారు కదా, కార్యములు 6. వాక్యం మీ పని, లెక్క వాళ్ల పని.

కాశీనగర్ తమ్ముడు: డబ్బు సంచి యేసుని పట్టించిన యూదా దగ్గరే ఉండేదని మర్చిపోకండి.

గుణుపురం కాపరి: ఎవరిని యూదా అంటన్నావు తమ్ముడూ? వానలో బండి మీద కొండ ఎక్కి కూడిక జరిపి వస్తాను, పెట్రోలు ఎవరిదో ఒక్కరోజైనా అడిగావా?

బరంపురం విశ్వాసి: పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు. కాపరులు కూడా ఏదో పని చూసుకుంటే ఈ గొడవలుండవు.

మరో కాపరి గారి అమ్మాయి: అదే పౌలుకి ఫిలిప్పీ సంఘం ఒకటికి రెండుసార్లు డబ్బు పంపింది, అదీ చదవండి అన్నయ్యా. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే బతకాలని రాసింది కూడా పౌలే. మా నాన్నగారు సేవ చేసిన సంఘంలో ఇంత జీతం అని ఒక్క ఏడాదైనా తీర్మానం రాయలేదు. అమ్మకి టైఫాయిడ్ వస్తే కానుకల్లోంచి తీసి మందులు కొన్నారు, కమిటీలో దొంగ అన్నారు. జీతం లేని మనిషిని లెక్క అడగడానికి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బరంపురం విశ్వాసి: అయినా పని చేసుకోవడం తప్పేమీ కాదు కదా.

రాయగడ ట్రెజరర్: అమ్మా, ఆ రోజు జీతం పుస్తకంలో రాసి చేతికిచ్చుంటే నాన్నగారికి ఆ మాట పడేది కాదు. అందుకే ఖాతా సంఘానిది కావాలంటన్నాను, కాపరిని కాపాడేది కూడా ఆ పుస్తకమే.

గుణుపురం కాపరి: మరి ముందు జీతం తీర్మానం రాయించండి, ఆ రోజే నా క్యూఆర్ పీకేస్తాను. ఖాతా తీసేసుకుని జీతం తర్వాత చూద్దాం అంటే మా పిల్లలు ఏం తినాలి? మీరందరూ ఖాతా గురించే మాట్లాడతన్నారు, నేను మొదట్నుంచీ కూడు గురించి మాట్లాడతన్నాను.

రాయగడ ట్రెజరర్: ఖాతా లేకుండా జీతం ఎక్కడినుంచి ఇస్తామండి?

పర్లాకిమిడి సభ్యుడు: ఈ ఆదివారం ఆరాధన అయ్యాక రెండూ ఒకే తీర్మానంలో రాసి కమిటీ ముందు పెడతాను. మీ సంఘాల్లో కాపరికి నెలకి ఎంత ఇస్తన్నారు, పెట్రోలు వేరేగా ఇస్తన్నారా? శనివారంలోపు చెప్పండి.