బోటు కొంటే పాత ఓనరు కేసు కూడా మనకేనా? లైసెన్సు సస్పెండా, రద్దా?

హార్బర్ అబ్బాయి:
మాది వైజాగ్. మా బాబాయి పోయినేడు వేట నిషేధంలో ఒక పాత మర బోటు కొన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు అన్ని బోట్లూ కట్టేసే ఉంటాయి కదా, అందుకే ఏది ఆపేసిన బోటో తెలీలేదు. ఇంజిను స్టార్ట్ చేసి చూశాడు, పలకలు కొట్టి చూశాడు, డబ్బులిచ్చేశాడు, కేబిన్ మీద పిన్ని పేరు రాయించి కొబ్బరికాయ కూడా కొట్టాం. తీరా పేరు మార్పుకి వెళ్తే ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వల లాగిన కేసు ఉంది, లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంది అన్నారు. నోటీసు పాత ఓనరుకి వెళ్లింది, ఆయన మాతో ఒక్క ముక్క అనలేదు. తప్పు ఆయనది, జెట్టీ మీద కూర్చున్నది మేము.

తెప్ప మనిషి:
మీ బాబాయికి అన్యాయమే జరిగింది తమ్ముడూ, కాదనను. కానీ ఆ 8 కిలోమీటర్లు తెప్పలోళ్లకని 1994 చట్టం కింద వదిలిన నీళ్లు, మర బోటు అందులోకొచ్చి లాగితే మా వలలు కూడా తెంపుకుపోద్ది. 2022 జనవరిలో చేపల గుంపుని చుట్టేసే రింగు వలల గొడవకి ఇక్కడే పడవలు తగలబడ్డాయి, 144 పెట్టారు, మర్చిపోయామా? అమ్మితే కేసు పోద్దంటే ప్రతోడూ బామ్మర్ది పేరున రాసేసి మర్నాడే వేటకెళ్తాడు. సస్పెన్షన్ బోటుని అంటుకునే ఉండాలి. ఇంకోటి, ఆ రోజుల్ని నిషేధం రోజుల్లో కలపకూడదు, ఎలాగూ కట్టేసుండే బోటుని ఆపితే అదేం శిక్ష? రెండోసారి దొరికితే రద్దే.

కలాసీ కొడుకు:
రద్దంటే ఎవరికి దెబ్బో చూడండన్నా. బోటు మీద పనిచేసే కలాసీలు ఆరేడుగురుంటారు, జీతం కాదు, వాటా. లోపలికి పోనియ్యమన్నది ఓనరు, వల లాగింది మా నాన్న. నిషేధం రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తది, 2025లో 20,000 చేశారు, మరి సస్పెన్షన్ రోజులకి కలాసీకి ఎవరిస్తారు? ముందు షరతులు మార్చండి, బోటు ఎక్కడుందో చెప్పే ఇస్రో ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి కదా, అది ఆపితే లైసెన్సు పోద్దని రాయండి. అప్పటికీ వినకపోతే ఆ మనిషికి ఏ బోటు మీదా లైసెన్సు ఇవ్వకండి, బోటు మాత్రం ఇంకొకరి చేతిలో తిరగనివ్వండి.

తెప్ప మనిషి:
ఆ ఇంకొకరు నిజంగా బయటోడైతే నాకు అభ్యంతరం లేదు. బినామీ కాదని మత్స్యశాఖోళ్లు చూసుకోవాలి, మాకు కావలసింది అదే.

హార్బర్ అబ్బాయి:
అన్నా, సస్పెన్షన్ బోటుతో రావాలన్నది ఒప్పుకుంటున్నా, మొదట్లో కోపంలో అడిగాను. కానీ నోటీసు ఇచ్చిన రోజే అది బోటు నెంబరు మీద ఆన్‌లైన్‌లో కనపడాలి, కేసు తేలేదాకా పేరు మార్పు కుదరదని అక్కడే రాసుండాలి. అలా ఉంటే బాబాయి అడ్వాన్సు కూడా ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు అమ్మకం కాగితం పట్టుకుని ఆఫీసుకి తిరుగుతున్నాడు, పిన్ని గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.