టైగర్ వుడ్స్ వల్ల గోల్ఫ్ బాగుపడిందా, చెడిందా? మా బావతో వాదన తెగడం లేదు

కోనసీమ కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. 2021 ఆగస్టులో అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క షాట్ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో ఆగినప్పటి నుంచి నాకు గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. ఉండేది అమలాపురంలో. ఇక్కడ గోల్ఫ్ అంటే ఫోన్లో చూడటమే తప్ప, కర్ర పట్టినవాడు నా ఎరుకలో ఒక్కడూ లేడు. మా బావకి అట్లాంటాలో ఉద్యోగం, సెలవొస్తే ఆడతాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, కోడిపందేల దగ్గర కూడా వదలకుండా ఇదే గొడవ.

బావ మాటేంటంటే, ఒక్కడే ఏలితే ఆట చెడుతుంది. మిగతావాళ్లు రెండో ప్రైజు కోసం ఆడతారు, వాడిని ఆపడానికి మైదానాలే మార్చేస్తారు. నేనేమో, టైగర్ లేకపోతే ఆ ఆటలో అంత డబ్బు ఎక్కడిది, నాలాంటివాడు చూసేదెక్కడ అంటాను. ఇంతకీ అతని కోసం, మాస్టర్స్ టోర్నీ జరిగే అగస్టాలో కోర్సు పొడిగించారన్నది నిజమేనా? అతన్ని చూసి కొత్తగా ఎవరైనా ఆటలోకి వచ్చారా?

వైజాగ్ వీకెండ్:

కోర్సు సంగతి నిజమే. 1997 మాస్టర్స్ నాటికి టైగర్‌కి 21 ఏళ్లు. గోల్ఫ్‌లో షాట్లు ఎంత తగ్గితే అంత మేలు. మొదటి రోజు మొదటి తొమ్మిది హోల్స్‌కి 40 షాట్లు కొట్టాడు, అంటే పెట్టె సర్దుకునే ఆట. తర్వాతి తొమ్మిదికి 30. పదిహేనో హోల్ పార్ 5, అంటే ఐదు షాట్లలో ముగించాల్సింది; గుంత ఉండే గ్రీన్ ముందు చెరువు. మిగతావాళ్లు రెండో షాట్‌కి పొడుగు కర్ర తీయాలా, చెరువుకి ముందే ఆపుకోవాలా అని తేల్చుకోలేని చోట, ఇతను దూరం కొట్టే డ్రైవర్ తర్వాత దగ్గరి షాట్ల కర్ర వెడ్జ్ తీసి ఈగిల్ కొట్టాడు, అంటే పార్ కంటే రెండు తక్కువ. ఆదివారానికి 12 షాట్ల తేడాతో గెలిచాడు. 2002కి అగస్టా వాళ్లు 285 గజాలు పెంచి కోర్సుని 7,270 గజాలు చేశారు. ఆ ఏడాది గెలిచిందెవరనుకున్నారు? టైగరే! పొడవు పెంచితే దెబ్బతినేది పొట్టి షాట్ల వాళ్లు కదా. అయినా ఊరుకోక 2006కి 7,445 చేశారు.

మిగతావాళ్లు రెండో ప్రైజు కోసం ఆడతారన్న మీ బావగారి మాటకీ ఆధారం ఉంది. జెన్నిఫర్ బ్రౌన్ అనే ఆర్థికవేత్త లెక్క వేస్తే, టైగర్ ఆడే టోర్నీల్లో మిగతావాళ్ల స్కోరు సగటున 0.8 షాట్ పెరిగి ఆట దిగజారిందని తేలింది. తర్వాత వేరేవాళ్లు ఆ లెక్కని తిరగేసి ఒప్పుకోలేదు. నా మట్టుకు నాకు 2000 యూఎస్ ఓపెన్ చాలు. టైగర్ పార్ కంటే 12 తక్కువ. రెండో స్థానంలో ఉన్న ఇద్దరూ పార్ కంటే 3 ఎక్కువ. పార్ దాటకుండా ముగించినవాడు ఇంకొకడు లేడు.

గట్ మాస్టారు:

తమ్ముడూ, మాది కోనసీమలోనే చిన్న స్పోర్ట్స్ షాపు. ర్యాకెట్లకి గట్ వేయడం నా పని. గోల్ఫ్ సామాను నేను అమ్మను, అమ్మినా కొనే నాథుడు లేడు. కానీ గెలిచేవాడు ముందు మార్చేది చేతిలో వస్తువునని ఈ బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

2000 దాకా పెద్ద ఆటగాళ్లు ఎక్కువగా వాడిన బంతి లోపల రబ్బరు దారం ఉండ చుట్టి ఉండేది. ఆ ఏడాది టైగర్ నైకీ వాళ్ల బంతికి మారాడు, దాని లోపల దారం బదులు గట్టి గుండె. కొన్ని వారాలకే యూఎస్ ఓపెన్‌లో 15 షాట్ల తేడా. అదే ఏడాది అక్టోబరులో టైటిలిస్ట్ వాళ్ల అలాంటి బంతే, ప్రో వీ1, టోర్నీల్లోకి వచ్చింది. ఇక దారం చుట్టిన బంతుల పని చూస్తుండగానే అయిపోయింది. కొత్త బంతి దూరం పోయింది, కోర్సులు పొడుగెక్కాయి. దానికీ టైగర్‌నే తిట్టారు.

ఇక్కడా అంతే. మన అమలాపురం షటిల్ ఆటగాడు సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్‌లో ఎక్కిందా, ఆ తర్వాత షాపుకొచ్చే ప్రతి పిల్లాడికీ 30 పౌండ్ల టెన్షన్ కావాలి. పన్నెండేళ్లవాడు, మణికట్టు నా రెండు వేళ్లంత ఉంటుంది. అంత బిగిస్తే షటిల్ ముందుకెళ్లదు, మోచెయ్యి పోతుంది, చౌక ఫ్రేమైతే మెషీన్ మీదే టప్‌మంటుంది. వాళ్ల నాన్న పక్కనుండి "సాత్విక్‌ది ఎంతో అంతే వెయ్యండి మాస్టారూ" అంటాడు. నేను 22 వేసి పంపిస్తాను. ఇంతవరకు ఎవడూ పోల్చుకోలేదు.

డబ్బు సంగతి నువ్వన్నది కరెక్టే. 1997లో మాస్టర్స్ గెలిస్తే 4,86,000 డాలర్లు. 2001లో, మళ్లీ టైగరే, 10,08,000. ఆ పెంపు వెనకపడ్డవాళ్లకీ అందింది. 2004లో టైగర్‌ని నంబర్ వన్ నుంచి దింపిన విజయ్ సింగ్ ఫిజీవాడు. పొద్దస్తమానం ప్రాక్టీస్ చేసే మనిషి. ముందు పరిగెత్తేవాడు ఉంటే వెనకవాడూ పరిగెడతాడని నేనంటాను. మీ బావ ఒప్పుకోకపోతే పోనీ.

నీ అసలు ప్రశ్న, కొత్తగా ఎవరొచ్చారని. దీనికి జవాబు చేదుగా ఉంటుంది. అమెరికాలో వృత్తి గోల్ఫర్ల సంఘమైన పీజీఏ నిబంధనల్లో తెల్లవాళ్లకే సభ్యత్వమని 1961 దాకా రాసి ఉండేది. మాస్టర్స్‌లో నల్లజాతి ఆటగాడు మొదట అడుగుపెట్టింది 1975లో, లీ ఎల్డర్. అలాంటి చోట టైగర్ గెలిచాక తలుపులు బార్లా తెరుచుకుంటాయని అందరూ అనుకున్నారు. పాతికేళ్లు దాటినా ఆ టూర్‌లో నల్లజాతి ఆటగాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే ఎల్డర్, అంతకు ముందు చార్లీ సిఫర్డ్, ఇద్దరూ చిన్నప్పుడు కేడీలు. బ్యాగు మోస్తూ ఆట నేర్చారు. తర్వాత బ్యాగులు మోసే పని బ్యాటరీ బండ్లకి పోయింది, పేదపిల్లాడు కోర్సులో కాలుపెట్టే దారి మూసుకుపోయింది. టైగర్ పోస్టరు గోడ మీద ఉంటే సరిపోతుందా, దగ్గర్లో ఆడే చోటుండాలి.

సాత్విక్ సంగతే చూడు. వాళ్ల నాన్నగారు పీఈటీ, తనూ షటిల్ ఆటగాడు. 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి వెళ్లేసరికే ఇంట్లో ఆట ఉంది. షటిల్‌కి కొబ్బరితోటలో రెండు చెట్ల మధ్య వల కడితే పని జరుగుతుంది. 18 హోల్స్‌కి సుమారు 150 ఎకరాలు కావాలి. ఇక్కడ గట్టు మీద గజం జాగా కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు, 150 ఎకరాలు ఎవడిస్తాడు?

పాలకొల్లు సియోల్:

మాస్టారూ, నేల దగ్గర మీతో ఒప్పుకోను. నేను కొరియాలో ఉంటున్నాను, ఇక్కడ నేల మనకంటే కరువు. ఆట మారిందంటే సె రి పాక్ వల్ల. 1998 యూఎస్ విమెన్స్ ఓపెన్‌లో స్కోర్లు సమానమై ఆడిన ప్లేఆఫ్‌లో బంతి నీటి అంచున ఆగితే, బూట్లూ సాక్సులూ విప్పి చెరువులోకి దిగి కొట్టింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు. దేశం ఐఎంఎఫ్ అప్పులో కూరుకుపోయి, ఉద్యోగాలు ఊడుతున్న రోజులు. మర్నాటి నుంచి తల్లిదండ్రులు ఆడపిల్లల చేతికి కర్రలిచ్చారంటారు. ఆ పిల్లల్లో ఇన్‌బీ పార్క్ ఒకతి. ఆ తర్వాత పదేళ్లకి అదే యూఎస్ ఓపెన్ గెలిచింది, 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం. రియోలో ఆ కొరియా జట్టుకి కోచ్ ఎవరంటే సె రి పాకే.

నేల లేకపోతే వీళ్లు పైకి కట్టారు. రెండు మూడు అంతస్తుల నుంచి వలలోకి బంతులు కొట్టే రేంజ్‌లు, సందుసందునా తెర ముందు ఆడే స్క్రీన్ గోల్ఫ్. అదితి కూడా ఐదేళ్లప్పుడు బెంగళూరులో డ్రైవింగ్ రేంజ్ చూసే కదా మొదలుపెట్టింది. 150 ఎకరాలు అక్కర్లేదండి, ఒక వల, కొన్ని మ్యాట్లు ఉంటే పిల్లలు మొదలుపెడతారు.

కోనసీమ కుర్రోడు:

అందరికీ థాంక్స్ అండి. లింకు బావకి పంపాను. కేడీల సంగతి తనకీ తెలియదట. అయినా తగ్గలేదు: "2008లో విరిగిన కాలితో యూఎస్ ఓపెన్ గెలిచి టైగర్ ఆపరేషన్‌కి వెళ్లిపోతే టీవీ చూసేవాళ్లు సగానికి పడిపోయారు. ఒక్కడి మీద నిలబడ్డ ఆట అంతే" అంటున్నాడు. ఏం చెప్పమంటారు మాస్టారూ?

గట్ మాస్టారు:

చూసేవాళ్లు పోయారు, ప్రైజ్ మనీ పోలేదని చెప్పు. 2019లో టైగర్ మళ్లీ మాస్టర్స్ గెలిస్తే చేతికొచ్చింది 20,70,000 డాలర్లు. పాలకొల్లు తమ్ముడు చెప్పిన వల మాట మాత్రం బాగుంది. షటిల్ కోర్టు షెడ్డులో ఓ మూల కట్టొచ్చేమో అడుగుతాను. మీ బావని వచ్చే సంక్రాంతికి ఊరికే రావద్దను. ఆ పాత దారపు బంతి ఒకటి, కొత్తది ఒకటి పట్టుకురమ్మను. నా షాపులో హ్యాక్సా ఉంది, కోసి చూద్దాం.