చీటీ డబ్బులు ముంచిన మనిషి కోసం ప్రార్థన చేయమంటున్నారు, నోరు రావడం లేదు

పాతూరు అక్క:
మాది అనంతపురం పాతూరు. మా వీధిలోనే ఒకామె లక్ష రూపాయల చీటీ నడిపేది, 20 మందిమి, నెలకు 5 వేలు. పాప ఇంజనీరింగ్ ఫీజుకు పనికొస్తుందని నేను మధ్యలో పాడకుండా చివరిదాకా ఆగాను. 17 నెలలు కట్టాక ఒకరోజు చూస్తే ఇంటికి తాళం. పాటలో తగ్గింది పోను నా చేతి నుంచి పోయింది 72 వేలు, మా ఆయన ఆటో తోలి తెచ్చిన డబ్బు. ఆమెది కూడా మా చర్చే, అదింకా మంట.

ఏడాది తర్వాత పోయిన నెల తిరిగొచ్చింది. వాళ్ళాయనకు పక్షవాతం వస్తే కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చారంట. ఆదివారం అయ్యగారు ఆయన కోసం ప్రార్థన చేయమని అందరి ముందర నన్నే లేపారు. నిలబడ్డాను గానీ నోరు పెగల్లేదు. నిజం చెప్తున్నా, ఆ కబురు వినగానే లోపల "బాగా అయింది" అనిపించింది, అట్లా అనుకున్నందుకు ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర లేదు. క్షమించాలంటే డబ్బులు వదిలేయాలా? మనసులో లేకుండా ప్రార్థన చేస్తే నాటకం కాదా?

గుత్తి రోడ్డు:
ఏందక్కా ఇది, ముంచింది ఆమె, నిద్ర పోయింది నీకా! ముందు స్టేషన్‌కు పో.

కడప సండేస్కూలు టీచర్:
అక్కా, "బాగా అయింది" అనుకున్నందుకు అంత భయపడొద్దు. బైబిల్లో 109వ కీర్తన ఒకసారి తీసి చదువు, దావీదు తన శత్రువు పిల్లలు తండ్రి లేనివాళ్ళు కావాలి, భార్య విధవ కావాలి అని దేవుడి ముందరే కక్కేశాడు, అది కూడా ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. నువ్వు వీధిలో అనలేదు, ఆమె మొహాన అనలేదు. ఆ మంటంతా ముందు దేవుడికే చెప్పు, తర్వాత మాట దానంతటదే మారొచ్చు, మారకపోతే రేపు మళ్ళీ చెప్పు. మత్తయి 5:44 హింసించేవాళ్ళ కోసం ప్రార్థన చేయమంది, వాళ్ళ మీద ముద్దొచ్చేదాకా ఆగి చేయమనలేదు కదా.

డబ్బు సంగతి. హింసించేవాళ్ళను దీవించండి, శపించొద్దు అని రోమా 12లో రాసిన పౌలునే ఫిలిప్పీ ఊళ్ళో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు. తెల్లారి ఊరికే వెళ్ళిపొమ్మంటే ఆయన పోలేదు, మేము రోమా పౌరులం, అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలి అని కూర్చున్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలారు. అంతకుముందు రాత్రి కాపలా ఉన్న జైలరు చావబోతే ఆపింది కూడా ఆయనే. నాకైతే క్షమించడం, రావాల్సింది అడగడం ఒకదానికొకటి అడ్డం అనిపించవు. అయ్యగారు నిన్ను అందరిలో లేపడం మాత్రం నాకు నచ్చలేదు.

ఒంటిమిట్ట బస్సు:
నేను చర్చికి పోయేవాణ్ణి కాదు, అయినా ఒక మాట. భాగవతంలో ద్రౌపది ఐదుగురు కొడుకులను నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఆమె ముందర పడేస్తే, ఆమే వదిలేయమంటుంది. ఎందుకంటే నేను ఏడ్చినట్టు వాళ్ళమ్మ కృపి ఏడవకూడదు అని. మంచోడు అనలేదు, తప్పు చేయలేదు అనలేదు, ఇంట్లో ఒక తల్లి ఉంది అంది, అంతే. ఊరికే కూడా పంపలేదు, తల మీద మణి కోసి, జుట్టు తీసి మరీ తరిమారు. నీ విషయంలో ఆ ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నామె కూడా ఒక ఇంటి ఆడమనిషే.

ఆదోని గుమాస్తా:
అక్కా, వకీలు ఆఫీసులో పని చేస్తాను. ఇట్లాంటి అనుమతి లేని చీటీలు 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నడపకూడదు, అది ఆమెకూ తెలిసే ఉంటుంది, కాబట్టి మెత్తగా అడిగినా వింటుంది. 72 వేలకు ప్రోనోటు రాయించుకో. రాసిన తేదీ నుంచి 3 ఏళ్ళు చెల్లుతుంది, మధ్యలో వెయ్యి ఇచ్చినా నోటు వెనక ఆమె చేత చెల్లు (ఇంత కట్టాను అని సంతకం) వేయించు, అక్కడి నుంచి మళ్ళీ 3 ఏళ్ళు. నెలకు రెండు వేలైనా సరే అను. ప్రార్థన నీ ఇష్టం, చెల్లు మాత్రం మరవొద్దు.

పాతూరు అక్క:
అందరికీ థాంక్స్. నిన్న కర్నూలు పోయి వచ్చాను, మా ఆయన వద్దన్నా పోయాను. రాగి జావ ఫ్లాస్కులో పోసుకుపోయాను. నన్ను చూడగానే లేచి గోడ వైపు తిరిగింది, నేనూ ఏం మాట్లాడలేదు చాలాసేపు. ఆయనకు కుడి చెయ్యి లేవడం లేదు. అప్పుడు ప్రార్థన చేశాను, పైకే. "దేవా, ఈయన లేవాలి, లేచి పనికి పోవాలి, నా డబ్బులు కట్టాలి" అని వచ్చేసింది నోట్లో నుంచి, ఆమె ఏడుస్తూనే నవ్వింది. అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో టీచరమ్మే చెప్పాలి.

నోటు రాస్తానంది. ఆదోని అన్నా, రెవెన్యూ స్టాంపు పోస్టాఫీసులో అడిగితే ఇస్తారా?