సిలిండర్ చుట్టూ కరిగిన ఎల్‌డీపీఈ: కారో మోడల్ చాలదా?

మెష్‌మేస్త్రి:
ఛానెల్ ఎత్తులో సగం ఆక్రమించే సిలిండర్, వ్యాసార్థం 1 మి.మీ. 190 డిగ్రీల ఎల్‌డీపీఈ (కొమ్మలున్న అణువుల పాలిథిన్ ప్లాస్టిక్), సెకనుకు 5 మి.మీ. వేగం. స్నిగ్ధత 5,000 పాస్కల్-సెకన్లు అనుకున్నా రేనాల్డ్స్ సంఖ్య (జడత్వానికీ స్నిగ్ధతకీ నిష్పత్తి) 10 లక్షల్లో ఒక వంతుకు లోపే. కారో మోడల్‌తో, అంటే పొరలు జారే వేగాన్ని (షియర్ రేటును) బట్టి స్నిగ్ధత మారుతుందనే మోడల్‌తో, పీడన నష్టం నిమిషాల్లో తేలిపోతుంది. జిగటతో పాటు సాగే గుణాన్నీ చూసే విస్కోఎలాస్టిక్ లెక్క కోసం రోజులు తగలెయ్యడం దండగ అంటాను.

డైగది:
పీడనం వరకైతే సరేనండి. సిలిండర్ వెనక మధ్యగీత మీద కరుగు సాగుతుంది కదా, అక్కడ చూడండి. సాగదీస్తే ఎల్‌డీపీఈ గట్టిపడుతుంది, దాని పొడవాటి కొమ్మల వల్ల. కారోకి సాగడం అంటేనే తెలియదు. ధ్రువిత కాంతిలో సిలిండర్ వెనక తోకలా కనిపించే ఒత్తిడి పట్టీ అందులో రాదు. పైపుల స్పైడర్ డైలో (లోపలి కడ్డీని కాళ్లతో నిలిపే అచ్చులో) కాళ్ల వెనక వెల్డ్ లైన్, అంటే చీలిన కరుగు మళ్లీ అతుక్కునే గీత, పుట్టేదీ ఇలాంటి చోటే.

మెష్‌మేస్త్రి:
సరళమైన విస్కోఎలాస్టిక్ మోడల్ ఓల్డ్‌రాయిడ్-బి పెడితే వైసెన్‌బర్గ్ సంఖ్య (రిలాక్సేషన్ సమయం × వేగం ÷ వ్యాసార్థం) 0.7 దగ్గరే చిక్కు. మెష్ (లెక్క కోసం గీసే గళ్ల జాలం) సన్నం చేసిన కొద్దీ తోకలో గరిష్ఠ ఒత్తిడి పెరుగుతూనే పోతుంది. ఏ అంకె నమ్మాలి? పైగా రిలాక్సేషన్ సమయం (సాగిన అణువులు మళ్లీ సర్దుకునే సమయం) 1 సెకను అనుకుంటే ఇక్కడ వైసెన్‌బర్గే 5!

పాలిమర్‌పంతులు:
తప్పు మెష్‌ది కాదు, మోడల్‌ది. సాగుడు రేటును రిలాక్సేషన్ సమయంతో గుణిస్తే 0.5 వచ్చేసరికి ఓల్డ్‌రాయిడ్-బిలో సాగుడు స్నిగ్ధత అనంతమైపోతుంది. ఫట్టాల్, కుప్ఫర్‌మాన్ 2004లో చెప్పిన లాగ్-కన్‌ఫర్మేషన్ పద్ధతి (అణువుల సాగుడును లాగరిథమ్‌లో లెక్కించడం) క్రాష్‌ను ఆపుతుంది, కన్వర్జెన్స్ (మెష్ సన్నం చేసినా జవాబు నిలవడం) తెచ్చిపెట్టదు. ఈ రెండిటినీ చాలామంది కలిపేస్తారు.

ముందు న్యూటోనియన్ ద్రవంతో నడపండి: ఈ జ్యామితిలో డ్రాగ్ గుణకం (సిలిండర్ మీద పడే లాగుడు బలానికి కొలత) 132.36 రావాలి. తర్వాత ఓల్డ్‌రాయిడ్-బి, స్నిగ్ధత నిష్పత్తి (మొత్తం స్నిగ్ధతలో ద్రావణి వాటా) 0.59, వైసెన్‌బర్గ్ 0.6: సుమారు 117.8. ఇది కుదిరిందని సంబరపడకండి, ముతక మెష్ మీద కూడా డ్రాగ్ కుదురుతుంది. మధ్యగీత మీద ఒత్తిడిని మూడు మెష్‌లలో పోల్చండి. మెష్ గళ్లు సిలిండర్ గోడ దగ్గరా, తోకలోనూ దట్టంగా ఉండాలి.

ఆపైన ఎల్‌డీపీఈకి పీటీటీ (ఫాన్-థియెన్–టానర్) మోడల్ గానీ పొడిగించిన పామ్-పామ్ మోడల్ గానీ, మల్టీమోడ్‌లో, అంటే అనేక రిలాక్సేషన్ సమయాలతో. మోడ్‌ల సమయాలు కరుగును అటూ ఇటూ ఊపి కొలిచే ఆసిలేటరీ రియోమీటర్ ఇస్తుంది. నాన్‌లీనియర్ పరామితులు మాత్రం సాగుడు పరీక్ష నుంచే తీయాలి. షియర్ డేటాతోనే సరిపెట్టి తోక తప్పొచ్చిందని సాల్వర్‌ను తిట్టడం మామూలే.

మెష్‌మేస్త్రి:
పీడనానికి కారోనే వాడతాను, ఆ మాట మారదు. వెల్డ్ లైన్‌కి పీటీటీ ప్రయత్నిస్తా. టూ-డీ చాలా?

డైగది:
లోతు తక్కువైతే చాలదు. కాంతి ఛానెల్ లోతంతా దాటి వస్తుంది కాబట్టి పక్కగోడల ఒత్తిడి కూడా ఫోటోలో కలుస్తుంది. అప్పుడు టూ-డీ లెక్కను దానితో పోల్చకండి.